చుక్కోడి కడుపులో ఒడి

ఒకప్పుడు ఎద్దుకు నెమరు తెలియదు. ఆవుకూ తెలియదు, గేదెకూ తెలియదు, మేకకూ గొర్రెకూ అసలే తెలియదు. అందరికీ కింద ఒక వరస, పైన ఒక వరస, నోటినిండా పళ్ళుండేవి. పరక కొరకడం, మెత్తగా నమలడం, మింగడం. మళ్ళీ ఇంకో పరక. అచ్చం మనం అన్నం తిన్నట్టే. కాకపోతే మన కంచం చిన్నది, వాళ్ళ కంచం కొండవాలంత.

అంత కంచం దగ్గర కూర్చుంటే ఎప్పటికి లేస్తారు? పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా నములుతూనే ఉండాలి. అయినా ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. వానాకాలంలో దున్నకం ఎండ ముదిరేలోపే అయిపోయేది. ఆ తర్వాతంతా మేతే. కష్టమల్లా పంట చేతికొచ్చే రోజుల్లోనే వచ్చింది.

ఒక ఎర్రమట్టి మెరక మీద తిరపతమ్మ వాళ్ళ చేను ఉండేది. చిన్న చేను. ఈ గట్టున నిలబడి తుమ్మితే ఆ గట్టున కోడి ఉలిక్కిపడేది. ఇంట్లో తిరపతమ్మ, ఆమె పెనిమిటి బాలకోటి, అత్త గంగులమ్మ. కొట్టంలో రెండెద్దులు, ఒక ఆవు, ఒక మేక. వాకిట్లో ఒక నల్లకోడి. ఆ రోజుల్లో అందరికీ మాటలొచ్చు. అందుకని ఆ ఇల్లు ఎప్పుడూ సంతలా ఉండేది.

అందరిలోకీ ఎక్కువ మాట్లాడేది మాత్రం తిరపతమ్మే. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇది అన్యాయం అని తోచిందంటే చాలు, ఇక అత్తా లేదు, మొగుడూ లేడు. చీరకొంగు నడుముకు చుట్టి నిలబడేది.

రెండెద్దుల్లో పెద్దవాడు మైలోడు. బూడిదరంగు ఒళ్ళు, బరువైన నడక. రోజుకు ఒక్క మాట మాట్లాడితే ఎక్కువ. రెండోవాడు చుక్కోడు. నల్లటి ఒంటి మీద, నుదుటన, తెల్లటి చుక్క. పుట్టీపుట్టగానే తల్లి పోతే తిరపతమ్మే గంజి తాగించి పెంచింది. గంజితోపాటు ఆమె నోరు కూడా వాడికి అబ్బిందని గంగులమ్మ అనేది.

వానలు వెనకబట్టాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వాగు ఒడ్డున రెల్లు తెల్లగా పూసింది. పొద్దున్నే గడ్డి మీద నడిస్తే పాదాలు మంచుకి తడిసిపోయేవి. తూనీగలు ఎండలో ఊరికే తిరుగుతుండేవి, వాటికేదో పనున్నట్టు. కొర్ర చేను పండి, కంకులన్నీ తలలు వంచి నిలబడ్డాయి.

చూడ్డానికి ఎంతో బావుంది. కానీ చుక్కోడి డొక్కలు మాత్రం లోపలికి పోతున్నాయి.

ఎందుకంటే కళ్ళం మొదలైంది. నేలను పేడతో అలికి, నడుమ గుంజ పాతి, కోసిన కంకుల్ని చుట్టూ పరిచారు. ఎద్దులు రెండింటినీ జతగా గుంజకు కట్టి గుండ్రంగా తిప్పితే, డెక్కల కింద నలిగి గింజ రాలుతుంది. అలా తొక్కేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతారు. చిక్కమంటే తాడుతో అల్లిన చిన్న బుట్ట. దాంట్లోంచి గాలి ఆడుతుంది కానీ, మేత అందదు.

పొద్దు పొడిచాక కట్టిన చిక్కం పొద్దుగూకాకే విప్పేవాళ్ళు. అప్పుడు గడ్డి ముందు నిలబడి, ఒక్కో పరకా కొరికి నమిలి మింగేసరికి, పాపం, నిద్ర ముంచుకొచ్చేది. నోట్లో పరక నోట్లోనే ఉండగా కునుకు పట్టేది. తెల్లారి లేస్తే మళ్ళీ చిక్కం.

ఒకరోజు పొద్దున చుక్కోడు తల పక్కకు తిప్పేశాడు.

"అయ్యా, ఒక మాట."

"ఒకటేనా?" అన్నాడు బాలకోటి, చిక్కం తాడు సవరిస్తూ.

"కంకులు తొక్కేది ఎవరు?"

"నువ్వే."

"గింజ రాలేది ఎవరి కాళ్ళ కింద?"

"నీ కాళ్ళ కిందే."

"మరి మూతి కట్టింది ఎవరికి?"

బాలకోటి పగలబడి నవ్వాడు. "చూశావా తిరపతీ! అచ్చం నువ్వే దిగొచ్చినట్టుంది."

తిరపతమ్మ నవ్వలేదు. చీపురు కింద పడేసి వచ్చింది. "నవ్వుతావేంటయ్యా? అడిగినదానికి జవాబు చెప్పు."

"జవాబేముందే? మా నాయన కట్టాడు, నేను కడుతున్నా."

"మీ నాయన మోకాళ్ళ పైకి పంచె కట్టాడు. నువ్వు కిందికి కట్టుకోవట్లా?"

బాలకోటి తన పంచె వంక చూసుకున్నాడు. అవతల చేటతో గింజలు చెరుగుతున్న గంగులమ్మ తలెత్తకుండానే అంది, "దాంతో మాటలెందుకురా? ఏటికి ఎదురీదొచ్చు గానీ నీ పెళ్ళాం నోటికి ఎదురెళ్ళలేం. కట్టు, పొద్దెక్కుతోంది."

"అత్తా, తిండి లేకుండా ఒక్కరోజు పనిచేసి చూడు, తెలుస్తుంది."

"నన్నెందుకు చూడమంటావు? నువ్వు చూడు."

అంతే. తిరపతమ్మకు అంతకన్నా ఏం కావాలి! గూట్లోంచి పాతగుడ్డ ఒకటి తెచ్చి తన మూతికి కట్టేసుకుంది. చుక్కోడి చిక్కం విప్పేదాకా తనూ విప్పనని చేతులతో సైగ చేసి, కళ్ళంలోకి దిగింది.

ఆ రోజంతా ఆమె మూతిగుడ్డతోనే కంకులు పరిచింది, గడ్డి దులిపింది, ఎద్దుల వెనక తిరిగింది. గంజి తాగలేదు, నీళ్ళు తాగలేదు. అత్త మనసు కరుగుతుందనుకుంది.

గంగులమ్మ మాత్రం మధ్యాహ్నం వేపచెట్టు కింద కాళ్ళు బారజాపుకుని, "అబ్బ! పిచ్చుకల కూతలు వినిపిస్తున్నాయి. ఈ ఇంట్లో ఇంత నెమ్మది చూసి ఎన్నాళ్ళయిందో!" అంది.

నల్లకోడి కిసుక్కున నవ్వింది. మేక గడ్డం ఊపుతూ నవ్వింది. గుడ్డ వెనక తిరపతమ్మ ముఖం కందగడ్డలా అయింది.

పొద్దువాలే వేళకు చుక్కోడి కాళ్ళూ తడబడ్డాయి, తిరపతమ్మ కాళ్ళూ తడబడ్డాయి. చుక్కోడి చిక్కం విప్పాక తనూ గుడ్డ విప్పుకుని, నీళ్ళు తాగి, వాడి మెడ మీద చెయ్యి వేసింది. "నాకు ఒక్కరోజుకే లోకం గిర్రున తిరిగిందిరా. నువ్వెలా ఉంటున్నావు?"

"గుంజ చుట్టూ తిరుగుతున్నా కదమ్మా, నాకు రోజూ తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు చుక్కోడు.

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం తూర్పుగాలి పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని ఒంటికి ఉప్పువాసన.

"గంగులమ్మా! బాలకోటీ! సముద్రం మీద వాన బయల్దేరింది. నేను ముందొచ్చాను, అది వెనకొస్తోంది. రేపు దీపాల వేళకు ఇక్కడుంటుంది. కళ్ళం ఎత్తేసుకోండి!"

తొక్కాల్సిన కంకులు ఇంకా సగం కుప్పలోనే ఉన్నాయి. వానకు తడిస్తే కంకి మీదే మొలకలొస్తాయి. ఇక ఏడాదంతా ఇంటిల్లిపాదికీ కొర్రన్నం లేనట్టే. కోడికీ నూకలు లేనట్టే.

"నేను తాటితోపుకెళ్ళి ఆకులు కొట్టుకొస్తా, కుప్ప మీద కప్పుదాం" అని బాలకోటి కత్తి తీసుకుని వెళ్ళాడు. గంగులమ్మ గాదె అలకడానికి ఇంట్లోకి పోయింది. కళ్ళంలో తిరపతమ్మ, రెండెద్దులు మిగిలారు.

చుక్కోడు రెండు చుట్లు తిరిగి ఆగిపోయాడు. తల వాల్చేశాడు. "అమ్మా, నావల్ల కావట్లేదు."

తిరపతమ్మ అటు చూసింది, ఇటు చూసింది. వాడి డొక్కలు చూసింది. 'రేపటికల్లా అవ్వాలంటే వీడికి సత్తువుండాలి. సత్తువుండాలంటే తిండి తినాలి. తిండి వీడి కాళ్ళ కిందే ఉంది. ఇంత చిన్న లెక్క ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు!' అనుకుంది. వెళ్ళి చిక్కం ముడి విప్పేసింది.

"తిను నాన్నా. నువ్వు తొక్కిన గింజ నువ్వు తిను. ఎవరేమంటారో నేను చూస్తా."

మైలోడి దగ్గరకు కూడా వెళ్ళింది. వాడు మూతి వెనక్కు లాక్కున్నాడు.

"నాకొద్దు" అన్నాడు. ఆ రోజుకు వాడి మాట అయిపోయింది.

చుక్కోడు మాత్రం గింజల్లోకి మూతి దించాడు. కొర్రగింజ చిన్నది, నున్నగా జారుతుంది. ఆకలేమో కొండంత ఉంది. నమలడం ఎవరికి గుర్తుంటుంది? మింగాడు, మింగాడు, మింగుతూనే ఉన్నాడు. తిరపతమ్మ వాడి వీపు నిమురుతూ, గెలిచినట్టు నిలబడింది.

కాసేపటికి వాడి ఎడమ డొక్క పైకి లేచింది. ఇంకాసేపటికి డప్పులా బిగుసుకుంది. చుక్కోడు తల తిప్పి తన కడుపు తనే చూసుకున్నాడు. కాళ్ళు నేలకేసి కొట్టాడు.

"అమ్మా... ఊపిరాడట్లేదు" అంటూ ఒక పక్కకు ఒరిగి పడిపోయాడు.

"అత్తా!" తిరపతమ్మ కేక ఆ మెరకంతా వినపడింది. "అత్తా, చుక్కోడు! అత్తా!"

గంగులమ్మ అలుకు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. విప్పిన చిక్కం చూసింది. వాడి డొక్క మీద వేలితో కొట్టి చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. అది చూసి తిరపతమ్మకు ఇంకా భయమేసింది.

"వాము నూరి నూనెలో కలిపి పట్రా. వెదురుగొట్టం చూరులో ఉంది. కదులు."

తిరపతమ్మ కదిలింది. వాము నూరి, నూనెలో కలిపి తెచ్చింది. ఇద్దరూ కలిసి గొట్టంతో నూనె పట్టించారు. తర్వాత గంగులమ్మ వేపకొమ్మ ఒకటి విరిచి, చుక్కోడి నోట్లో అడ్డంగా పెట్టి, రెండు కొసలకూ తాడు వేసి కొమ్ములకు కట్టింది.

"నములు" అంది.

"చేదు అవ్వా..." అని మూలిగాడు వాడు.

"బతుకు తియ్యగా ఉండాలంటే నములు."

చుక్కోడు నమిలాడు. కింది దవడ ఇటూ అటూ, ఇటూ అటూ. నోట్లోంచి నురగ కారింది. తిరపతమ్మ వాడి డొక్కను పైకీ కిందికీ రుద్దుతూనే ఉంది. పొద్దు చెట్ల వెనక్కు దిగింది. చివరికి చుక్కోడు ఒక పెద్ద తేన్పు తేన్చాడు. ఆ తేన్పుకు కోడి అరుగు మీంచి కింద పడింది. ఇంకో తేన్పు. డొక్క కొంచెం దిగింది. వాడు వణుకుతూ లేచి నిలబడ్డాడు.

అప్పుడు కూర్చుంది గంగులమ్మ. కళ్ళం అంచున చతికిలబడి, పేడ ఎండిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త కూడా ఇలాగే విప్పింది. జాలిపడి విప్పింది. ఆ ఎద్దు లేవలేదు. పచ్చిగింజ కడుపునిండా తింటే ఎద్దు బతకదే అమ్మాయ్. చిక్కం కట్టేది గింజ కోసమే అనుకున్నావా?"

తిరపతమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అత్తా!"

"నువ్వు చెప్పనిస్తేగా!"

తిరపతమ్మ నోరు తెరిచింది. మూసింది. అదే మొదటిసారి అని కోడి తర్వాత అందరికీ చెప్పుకుంది.

కానీ ఆమె మనసు ఊరుకోలేదు. చిక్కం విప్పితే చుక్కోడు చస్తాడు. చిక్కం కడితే ఆకలితో చస్తాడు. అత్త చెప్పింది నిజం. చుక్కోడు అడిగిందీ నిజం. రెండు నిజాల నడుమ వాడి డొక్క నలిగిపోతోంది. రేపు దీపాల వేళకు వాన.

తెల్లారింది. చేలో మంచు ఇంకా ఆరలేదు. కొర్రలో కలిపి చల్లిన అలసందలు మాత్రం ఇంకా తీగ మీదే ఉన్నాయి. వాన రాకముందే వాటినీ కోసెయ్యాలని తిరపతమ్మ చీరకొంగు ముందుకు తీసి ఒడి కట్టుకుంది. కాయ తెంపడం, ఒళ్ళో వేసుకోవడం. కాయ తెంపడం, ఒళ్ళో వేసుకోవడం. ఒలిచేది ఇప్పుడు కాదు కదా, చేతులు చకచకా సాగిపోతున్నాయి.

గట్టున చుక్కోడు గడ్డి ముందు నిలబడ్డాడు. ఒక్క పరక కొరికి, నమిలి, నమిలి, నమిలి... నీరసంగా ఆమెనే చూస్తున్నాడు.

నల్లకోడి వాడి కాళ్ళ మధ్య టకటకా పురుగులేరుకుంటూ, "ఏంటి బాబూ, ఇంకా మొదటి పరకేనా? నాకు కడుపు నిండొచ్చింది" అంది.

"నువ్వు నమలవా?" అన్నాడు చుక్కోడు.

"నమలడానికి నాకు పళ్ళేవి? దొరికింది దొరికినట్టు ఇదిగో, ఈ గొంతు కింద సంచిలో వేసుకుంటా. తర్వాత తీరిగ్గా లోపలికి పోతుంది. డేగ తిరిగేచోట నిలబడి నమిలే తీరిక ఎవరికుంటుంది?"

తిరపతమ్మ చెయ్యి కాయ మీదే ఆగిపోయింది. కోడి గొంతు చూసింది. తన ఒడి చూసుకుంది. చుక్కోడి కడుపు చూసింది.

"ఒరే చుక్కోడా," అంది మెల్లగా, "నేను ఈ కాయలు ఇక్కడే ఒలుస్తూ కూర్చుంటే ఎప్పటికవుతుంది?"

"సాయంత్రానికి కూడా కాదు."

"అందుకే ఒళ్ళో వేసుకుంటున్నా. ఇంటికెళ్ళాక కూర్చుని ఒలుస్తా. నీకూ ఒక ఒడి ఉంటేనో?"

చుక్కోడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నాకు ఒడి కావాలమ్మా!"

"చీర కట్టించండి వాడికి" అంది మేక.

తిరపతమ్మ మేక మాట పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తడి నేలకు చెవి ఆనించింది. "భూదేవమ్మా! ఒక మాట అడగాలి."

నేల అడుగునుంచి, చెమ్మగా, నిదానంగా గొంతు వినిపించింది. "ఒకటేనా?"

ఈమె సంగతి భూమికి కూడా తెలుసన్నమాట.

"వీడి కడుపులో ఒక ఒడి కట్టమ్మా. గబగబా మేసి దాంట్లో దాచుకుంటాడు. తీరిక దొరికినప్పుడు మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నములుకుంటాడు. గింజ ముట్టడు. చిక్కం అడ్డమనడు."

"కడతాను" అంది భూమి. "మరి నా సంగతో? మీరందరూ మీ ఆకలే చెబుతారు. మీ ఎద్దు పైపళ్ళతో, కిందిపళ్ళతో పట్టి కొరికితే, గడ్డి వేరుదాకా తెగిపోతోంది. మళ్ళీ మొలవడానికి నా దగ్గరేం మిగులుతుంది? ఎండాకాలం నా వీపు ఎలా కాలుతుందో ఎవరైనా అడిగారా?"

తిరపతమ్మ చుట్టూ చూసింది. నిజమే. గట్టున ఎద్దులు మేసినచోట నేల బోడిగుండులా ఉంది. ఇన్నాళ్ళూ అందరి తరపునా వాదించింది కానీ, కాళ్ళ కింద ఉన్నదాని తరపున ఎప్పుడూ వాదించలేదు.

"నువ్వడిగింది న్యాయమే" అంది. "ఏం కావాలి?"

"వాడి పళ్ళు. ఒడి కట్టిస్తే పళ్ళిచ్చెయ్యాలి."

"అన్నీ ఎందుకు? తిన్నది నమలడానికి పళ్ళుండొద్దా? దవడపళ్ళు ఉంచు."

"సరే. ముందుపళ్ళిచ్చెయ్యి."

"పైవీ కిందివీ రెండూ పోతే గడ్డి పట్టుకునేది దేంతో? నీ గడ్డి ముదిరి, ఎండి, నీ మీదే కుళ్ళిపోవాలా? కింది వరస ఉంచు."

నేల లోపల ఎక్కడో నవ్వు వినిపించింది. వాగులో నీళ్ళు కదిలాయి. "మీ అత్త ఎలా వేగుతోందే నీతో! సరే, పై వరస ముందుపళ్ళు చాలు. ఇక గడ్డిని నాలుకతో చుట్టి తెంపుకుంటాడు, వేరు నాకు మిగుల్తుంది. ఒప్పుకుంటాడా వాడు?"

తిరపతమ్మ చుక్కోడి వైపు తిరిగింది. నిన్న వాణ్ణి అడక్కుండానే చిక్కం విప్పింది. "పళ్ళు నీవి నాన్నా. నువ్వే చెప్పు. ఇష్టం లేకపోతే ఇంకో దారి వెతుకుదాం."

చుక్కోడు నాలుకతో తన ముందుపళ్ళు తడుముకున్నాడు. "నొప్పి పుడుతుందా?"

"దూడప్పుడు పాలపళ్ళు ఊడలేదూ? అంతే" అంది భూమి.

చుక్కోడు వంగి, మూతిని తడి నేలకు ఆనించాడు. లేచేసరికి పై వరస ముందుపళ్ళు లేవు. ఆ చోట గట్టి చిగుళ్ళు మాత్రం ఉన్నాయి. కడుపులో ఏదో మెత్తగా విచ్చుకున్నట్టయింది.

ఇది చూసి ఆవు పరుగెత్తుకొచ్చింది. "నాకూ కట్టమ్మా. దూడకు పాలిస్తూ నమలాలంటే చచ్చే చావుగా ఉంది." పొరుగుచేలోంచి గేదెలూ, వెనకాలే గొర్రెలూ వచ్చాయి. ఇంతసేపూ ఎగతాళి చేసిన మేక అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి, "నాకు! కొండమీద తోడేళ్ళున్నాయి, అక్కడ నిలబడి నమలడం నావల్ల కాదు" అంది. మైలోడు ఏమీ అనలేదు. నెమ్మదిగా వచ్చి మూతి నేలకు ఆనించాడు.

అటుగా ఉప్పుమూటలు మోసుకుంటూ ఒక గాడిద పోతోంది.

"నువ్వూ రారాదూ?" అని పిలిచింది తిరపతమ్మ.

"నేనా? బోసినోరు వేసుకుని నేను సంతలోకెలా వెళ్ళను?" అంది గాడిద. పై పెదవెత్తి, ఉన్న పళ్ళన్నీ చూపించి, ఓండ్ర పెట్టుకుంటూ పోయింది.

చుక్కోడు గడ్డిలోకి నాలుక చాపాడు. చుట్టాడు, తెంపాడు, మింగాడు. చుట్టాడు, తెంపాడు, మింగాడు. బాలకోటి పళ్ళు తోముకుని వచ్చేలోపే రెండెద్దులకూ ఒడి నిండిపోయింది.

"ఇప్పుడు కట్టయ్యా చిక్కం" అంది తిరపతమ్మ.

బాలకోటి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరమేమీ లేదు.

కళ్ళం మొదలైంది. గుంజ చుట్టూ మైలోడూ చుక్కోడూ తిరుగుతున్నారు. కాసేపయ్యాక బాలకోటి గట్టిగా అరిచాడు. "ఓయ్! వాడి దవడ ఆడుతోంది! దొంగతనంగా గింజలు తింటున్నాడు!"

పరుగున వెళ్ళి చిక్కం తీసి, నోరు తెరిచి లోపలికి చూశాడు. గింజ లేదు. పచ్చగడ్డి ముద్ద ఉంది.

"ఈ గడ్డి ఎక్కణ్ణుంచొచ్చిందిరా?"

"ఇంట్లోంచే తెచ్చుకున్నా అయ్యా, సద్దిమూట" అన్నాడు చుక్కోడు. "చిక్కం కట్టేసెయ్, నడుస్తూ తింటా."

బాలకోటి తిరపతమ్మను చూశాడు, తిరపతమ్మ నేలను చూసింది.

ఆ రోజు ఎద్దుల కాళ్ళు తడబడలేదు. కిందేమో డెక్కలు, పైనేమో దవడలు, రెండూ ఒకే తాళానికి కదిలాయి. తొక్కడం అయింది. తూర్పుగాలి కూడా ఊరికే ఉండలేక తూర్పారపట్టింది. పొట్టు అటు, గింజ ఇటు. గంగులమ్మ గంపలు నింపింది, బాలకోటి గాదెలో పోశాడు. ఆఖరి గంప లోపలికి వెళ్ళేసరికి కొండ మీద చీకటి కమ్మింది. గంగులమ్మ దీపం వెలిగిస్తుండగా వాన వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఆలస్యమైందా?" అంది వాన.

"లేదులే, సరిగ్గానే వచ్చావు. కానియ్యి" అంది గంగులమ్మ.

వాన కురిసింది. కొట్టంలో ఎద్దులు, ఆవు, మేక కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కళ్ళు అరమోడ్చి, నిదానంగా నములుతున్నాయి. ఇటూ అటూ. ఇటూ అటూ. అత్తాకోడళ్ళు అరుగు మీద కూర్చుని వాటినే చూస్తున్నారు. అలసందలు ఒలుస్తున్నారు.

"చూసి నేర్చుకోవే అమ్మాయ్" అంది గంగులమ్మ. "ఒకసారి మింగింది మళ్ళీ తెచ్చుకుని ఎంత బాగా నములుతున్నాయో. మాట కూడా అంతే. అనేముందు ఒకసారి నమలాలి."

తిరపతమ్మ ఒక కాయ ఒలిచింది. ఇంకో కాయ ఒలిచింది. వాన కాస్త తెరిపిచ్చింది. అప్పుడంది.

"నమిలాను అత్తా."

"ఊఁ?"

"నమిలినా అదే మాటొచ్చింది. ఎద్దు కడుపు నిండాకే చిక్కం. కడుపు నిండకుండా ఈ కళ్ళంలో ఎవరూ ఎవరి మూతీ కట్టేది లేదు."

గంగులమ్మ చేతిలోని కాయ ఆగింది. కోడలి ముఖం చూసింది. తర్వాత కాయ ఒలిచి, గింజలు కోడలి ఒళ్ళో వేసింది.

"నేనూ అదే నములుతున్నాలే" అంది.

అప్పటినుంచే ఎద్దులూ ఆవులూ గేదెలూ, మేకలూ గొర్రెలూ గబగబా మేసి, తర్వాత తీరిగ్గా కూర్చుని నెమరేస్తాయి. అప్పటినుంచే వాటికి పై వరస ముందుపళ్ళు లేవు, అవి మేసిన చోట వేరు మిగిలి గడ్డి మళ్ళీ మొలుస్తుంది. పెదవెత్తి పళ్ళన్నీ చూపించేది గాడిద ఒక్కటే. ఏ కొట్టంలోనైనా ఎద్దు అరమూసిన కళ్ళతో దవడ ఆడిస్తూ కనిపిస్తే, తొందరపెట్టకండి. వాడు తన ఒడి విప్పుకుంటున్నాడు.